మోచేతి కుళాయి

ఫిబ్రవరి 11

చిట్టీ,

ఆశీస్సులు. ఒంట్లో అందరికీ బాగానే ఉంది. మనసులో సంగతి వేరు.

ఇవాళ పొద్దున జరిగింది జరిగినట్టు రాస్తాను. ముందుది వెనక్కి, వెనకది ముందుకి చేస్తే నన్ను నేనే నమ్మను.

రోజూ లేచినట్టే లేచాను. దేవుడి ముందు కాసేపు కూర్చున్నాను. షెడ్డు షట్టర్ ఎత్తాను. మీ బావ కొలిమి రాజేస్తూ దాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. తిట్లు పడనిదే అది అంటుకోదని ఆయన నమ్మకం. పాలిష్ గది ఆడవాళ్లు వచ్చి తలగుడ్డలు కట్టుకున్నారు. నిన్న పోత పోసిన కుళాయిలకు ఒక్కొక్కదానికీ గాలి పట్టించి తొట్టి నీళ్లలో ముంచి చూశాను. ఎక్కడా బుడగ రాలేదు. వాళ్లలో అందరికన్నా పెద్దదైన పిన్ని నల్లటి చేతులతో పెరట్లోకి వెళ్లి, మన కొత్త కుళాయిని మోచేత్తో ఒక్క పోటు పొడిచి చేతులు కడుక్కుంది. "ఏమ్మా, నీ కోడలు మాట వింటోందా?" అన్నాను. "నా కోడలికన్నా ఇదే నయం, తోసినవైపు తిరుగుతుంది," అంది. అందరం నవ్వాం.

అంత మామూలు పొద్దు.

వాషర్లు అయిపోతే హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. షాపాయన మేకులు తూస్తున్నాడు. ఆయన తల వెనక, షవర్ల పక్కన, అట్టకు కట్టి మన మోచేతి కుళాయి వేలాడుతోంది.

కదలకుండా నిలబడిపోయాను.

"ఏంటమ్మా, పుట్టి బుద్ధెరిగి కుళాయి చూడనట్టు చూస్తున్నారు?" అన్నాడు.

"అది ఎవరిది?"

"కొత్త సరుకు. ఒకాయన కనిపెట్టాడట. వచ్చి ఎంత బాగా చెప్పాడనుకున్నారు! మీరూ ఉన్నారు, మీ నాన్నగారి కాలంనాటి ఆ మొద్దు కుళాయినే పట్టుకుని."

చేతిలోకి తీసుకుని చూశాను. పిడి కింద సన్నటి గీత ఉంది. మన కొయ్య అచ్చు పగిలిన చోట పడే గీత అది. ఆ పగులు కూడా పోత పోసుకున్నారు.

ఆ కుళాయి మన పెరట్లో కాక ఇంకెక్కడైనా ఉందంటే నీ దగ్గరే. చదువు పనికి కావాలని రెండు పట్టుకెళ్లావు. ఏమైనా తెలిస్తే రాయి. నేను అడిగే తీరు కటువుగా ఉంటే ఏమీ అనుకోకు. తమ్ముడికి ఇంకా చెప్పలేదు.

నీ
అక్క

*

ఫిబ్రవరి 12

అక్కా!

నమస్కారం. ముందు కూర్చో. కొలిమి దగ్గర కాదు, కుర్చీలో కూర్చో. మంచి కబురు.

నా పని ఏమిటని నువ్వు ఎప్పుడూ అడగవు, అడిగితే నాకు సరిగ్గా చెప్పడం రాదు. ఇవాళ వస్తుంది. చిన్న కార్ఖానాల్లో ఆడవాళ్లు నడిపేవి కొత్త వస్తువుల జోలికి పోవని మా పుస్తకాల నిండా ఉంటుంది. వాళ్లకు ధైర్యం తక్కువని ఒకరంటారు, అప్పు పుట్టదని ఇంకొకరంటారు. నాకు మాత్రం చాలాకాలంగా ఒక అనుమానం. చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారేమో, కొనేవాడే ఎదుట నిలబడిన మనిషిని చూసి తీసిపారేస్తున్నాడేమో!

అది తేల్చడానికి ఒక నటుణ్ణీ, ఒక నటినీ పెట్టుకున్నాను. ఇద్దరూ రంగస్థలం వాళ్లు. ఇద్దరికీ ఒకే కుళాయి, ఒకే మాటలు. మాటలు నేనే రాశాను: "ఇది నేను తయారుచేశాను. చేతులు మురికైనా మోచేత్తో తిప్పొచ్చు." ఊరూరా తిప్పి, కొన్ని షాపులకు అతన్ని పంపాను, కొన్నిటికి ఆమెను.

ఆమెతో ఏమన్నారో విను. "బాగుందమ్మా, మీ ఆయన్ని రమ్మనండి మాట్లాడదాం." "సరదాగా చేశారా?" ఒకాయనైతే తన భార్యను పిలిచి చూపించాడట, ఆడవాళ్ల వస్తువు కదా అని! అదే కుళాయి అతని చేతిలో ఉంటే? "సార్, కూర్చోండి. టీ చెప్పనా? నెలకు ఎన్ని ఇవ్వగలరు?"

అనుమానం ఉండటం వేరు, అది నిజమని తేలడం వేరు. కానీ అక్కా, మన కుళాయి గెలిచింది! షాపువాళ్లు దానికోసం ఎగబడుతున్నారు. నువ్వు ఈపాటికి అమ్మకానికి పెట్టే ఉంటావు. అధ్యయనం పూర్తయ్యాక షాపులన్నిటికీ అసలు సంగతి చెప్పి, నీ చిరునామా ఇస్తాను.

బావకు, అన్నయ్యకు చెప్పు. పిన్నికి ముందు చెప్పు.

గాలిలో తేలుతున్న
నీ చిట్టి

*

ఫిబ్రవరి 20

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. నేను రాసింది చదివాకే ఇది రాశావనుకుంటాను. నువ్వు సంతోషంగా ఉన్నావు. నేను రెండుసార్లు చదివాను.

కుళాయి అమ్మకానికి పెట్టలేదు. నాన్న పెట్టిన నియమం నీకు గుర్తులేదా? కొత్తది ఏదైనా మన పెరట్లో ఏడాది పారాలి. ఎండలకు ఏమవుతుందో, చలికి ఏమవుతుందో మన ఇంట్లో తెలియాలి, కొన్నవాళ్ల ఇంట్లో కాదు. నువ్వు పరికిణీ వేసుకున్న రోజుల్లో ఆ కుళాయిల కిందే ఆడుకున్నావు. దీనికి ఇంకా వేసవి రాలేదు.

నీకిచ్చింది నీ చదువుకు పనికొస్తుందని. షాపులకు తిప్పుతావని నువ్వు చెప్పలేదు. నేను అడగలేదు.

తమ్ముడికి తెలిసింది. "చదువు పేరు చెప్పి పట్టుకెళ్లి అమ్మేసుకుంది. మనం ఇక్కడ మసి పూసుకోవడం, ఆవిడ అక్కడ పేరు తెచ్చుకోవడం," అన్నాడు. మీ బావ లేత్ ఆపేసి కూర్చున్నాడు. ఆయన పనివేళ లేత్ ఆపడం నువ్వెప్పుడైనా చూశావా?

ప్లాస్టిక్ కుళాయిలు వచ్చాక మన పాతవి అడిగేవాళ్లు లేరు. ఈ కొత్తది నిలబడకపోతే పాలిష్ గది మూసేయాలని తమ్ముడు ముందునుంచీ అంటున్నాడు. దీనిమీదే ఆ ఆడవాళ్ల బతుకు ఉంది. పిన్ని షాపులో చూసి వచ్చి, "అది మన కుళాయే కదమ్మా, అక్కడికెలా పోయింది?" అంది. నేను తొట్టిలో నీళ్లు మార్చాను.

అక్క

*

ఫిబ్రవరి 25

అక్కా,

నీ మొదటి ఉత్తరం నేను రాసింది పోస్టు చేసిన రెండో రోజు వచ్చింది. అవి దారిలో ఎదురుపడి ఉంటాయి. అది చదవకుండానే ఆ పండగంతా రాశాను. నా రాతలు గుర్తొస్తే తల ఎత్తుకోలేకపోతున్నాను.

నేను ఎవరికీ అమ్మలేదు. నువ్వు ఇచ్చావు కాబట్టి అది బయటికి వచ్చేసిందనుకున్నాను. నాన్న నియమం మరిచిపోయాను. అంత పెద్ద విషయాన్ని ఎలా మరిచానో నాకే అర్థం కావడం లేదు.

నటుణ్ణి పిలిపించాను. ఒక కుళాయి బస్సులో పోయిందని ముందే చెప్పాడు, నేను పట్టించుకోలేదు. అది పోలేదు. ఒక ఫౌండ్రీలో ఇచ్చి పోత పోయించాడు. నిలదీస్తే ఏమన్నాడో తెలుసా?

"మేడం, 'ఇది నేను తయారుచేశాను' అని మీరే రాసిచ్చారు. షాపు షాపుకీ అదే చెప్పాను. వాళ్లు ఫోన్ చేసి సరుకెప్పుడు సార్ అని అడుగుతుంటే ఏమనాలి? ఆట మధ్యలో తెర దించమంటారా?"

"అది నీది కాదయ్యా!"

"రాజు వేషం వేస్తే రాజ్యం నాదా మేడం? కానీ అక్కడ ఆట అయ్యాక ఎవరూ నన్ను రాజా అని పిలవరు. ఇక్కడ పిలుస్తూనే ఉన్నారు."

పక్కనే నటి ఉంది. "నన్ను మాత్రం ఒక్కడూ మళ్లీ పిలవలేదు. లేకపోతే నేనూ దొంగనయ్యేదాన్నేమో," అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

నా పరిశోధన పత్రం ఆపేస్తాను. ఎవరికీ చూపించను.

అక్కా, అన్నయ్య అన్న మాటలు రాశావు, బావ ఏం చేశాడో రాశావు. నీ మాట రాయలేదు. అంటే నువ్వూ అలాగే అనుకుంటున్నావా?

చిట్టి

*

మార్చి 9

చిట్టీ,

నువ్వు అమ్మావని నేను ఏ పొద్దూ అనుకోలేదు. రాయకపోవడం నా పొరపాటు. అనుకోని మాటను రాయనక్కర్లేదనుకున్నాను.

హార్డ్‌వేర్ షాపుకు మళ్లీ వెళ్లాను. అచ్చు వెంట తీసుకెళ్లి, గీత చూపించి, ఇది మా షెడ్డులో పుట్టిందని చెప్పాను.

షాపాయన నవ్వాడు. "అమ్మా, మీరంటే నాకు గౌరవం. కానీ ఎవరిదో బాగా పోతుంటే అది మాదే అనడం మీకు తగదు."

"నేను ఎప్పుడైనా అబద్ధం చెప్పి సరుకు అమ్మానా?"

"అబద్ధమని ఎవరన్నారు? పొరబడ్డారంటున్నాను. ఆయన స్వయంగా చెప్పాడు కదమ్మా, ఎలా ఆలోచన వచ్చిందో, ఎలా చేశాడో. పెద్దాసుపత్రి ప్రసవాల వార్డుకు కూడా వాటినే వేయించాం. నర్సులు చేతులు పెట్టకుండా తిప్పుకుంటున్నారు. వేణ్ణీళ్లకూ చన్నీళ్లకూ అవే."

ఇన్నేళ్లుగా ఆయనకు సరుకు ఇస్తున్నాను. కోపం రాలేదు. చెంపమీద కొట్టినట్టయి, నొప్పి ఇంకా తెలియనట్టుంది.

కానీ ఈ ఉత్తరం దానికోసం కాదు. ఇవాళ మన పెరట్లో ఒకటి జరిగింది.

కొలిమి పక్కన మూత బిగించిన డ్రమ్ములో కాగే నీళ్లకు కూడా ఒక మోచేతి కుళాయి పెట్టాం. జిడ్డు వదలడానికి ఆడవాళ్లు వేణ్ణీళ్లు వాడతారు. పిన్ని మోచేత్తో తోసింది. పిడి ఊడి, లోపలి కడ్డీ ఎగిరిపోయింది. నీళ్లు పొగలు కక్కుతూ రేకుల కప్పుదాకా లేచాయి. పిన్ని పక్కకు దూకింది కాబట్టి సరిపోయింది. ఆవిడ గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది.

మీ బావ విప్పి చూశాడు. పిడినీ కడ్డీనీ కలిపి ఉంచేది ఒక ఇత్తడి పిన్ను. వేడికి సాగి, చల్లారి, మళ్లీ సాగి అరిగిపోయింది. తప్పు మనదే. పిన్ను ఇత్తడిది పెట్టమన్నది నేనే. ఉక్కుది పెట్టి స్క్రూలా బిగిస్తే ఊడదు. ఏడాది పారించేది ఇది తెలుసుకోవడానికే.

నీ నటుడు మన కుళాయిని ఉన్నదున్నట్టు దించాడు. పిన్నుతో సహా.

తమ్ముడు, "పేలనీ అక్కా. దొంగసరుకని అప్పుడు ఊరంతా తెలుస్తుంది," అన్నాడు.

"అక్కడున్నది బాలింతలురా," అన్నాను.

ఇప్పటికే చీకటి పడింది, రేపు ఆసుపత్రికి వెళుతున్నాను. నీకు ఫోన్ కలవడం లేదు, ఇది అందగానే నువ్వు అతనికి చెప్పు.

అక్క

*

మార్చి 11

అక్కా,

ఉత్తరం ఇప్పుడే అందింది. నీకు ఫోన్ చేస్తే షెడ్డులో మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. అన్నయ్యకు చేస్తే నా గొంతు విని పెట్టేశాడు. ఆసుపత్రికి చేస్తే రాతపూర్వకంగా పంపమన్నారు, పంపాను. దీన్ని మీ ఊరి బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. సాయంత్రానికి అందిస్తానన్నాడు.

నటుడికి చెప్పాను. "పిల్లలున్న చోటా?" అని ఆ ఒక్క మాటే అడుగుతున్నాడు. రేపటికి మీ దగ్గరికి వస్తానన్నాడు.

అక్కా, ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు. నిన్న నీ మాట వాళ్లు విని ఉండకపోతే, మళ్లీ నువ్వు వెళ్లకు. అన్నయ్యను పంపు, లేకపోతే బావను. ఇంతకాలం నేను పోగుచేసిందంతా ఇదే చెబుతోంది. నువ్వు ఎంత నిజం చెప్పినా వాళ్లు నీ వెనక ఎవరొచ్చారా అని చూస్తారు. మామూలప్పుడైతే నేనే నీ పక్కన నిలబడి వాదించేదాన్ని. ఇప్పుడు వాదించే వ్యవధి లేదు. మగవాడు చెబితే వేణ్ణీళ్లు వెంటనే కట్టేస్తారు.

దీన్ని మార్చాలని ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు నా అక్కకే పక్కకు తప్పుకోమని రాస్తున్నాను. నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు, అన్నయ్యను పంపు.

చిట్టి

*

మార్చి 12

చిట్టీ,

డ్రైవరు ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. అప్పటికే అంతా అయిపోయింది.

అనుకున్నట్టే పదో తారీఖున ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ గొట్టాలూ కుళాయిలూ చూసే మనిషి ఒకడున్నాడు. పాడైన కుళాయిని బల్లమీద పెట్టి, ఊడిన పిన్ను చూపించాను. వేణ్ణీళ్లు కట్టేయమన్నాను.

"మీరెవరమ్మా? కంపెనీ తరఫునా?"

"దీన్ని తయారుచేసినదాన్ని."

"తయారుచేసినాయన వచ్చి బిగించి వెళ్లాడు. మీరు వేరే కంపెనీవాళ్లా? పోటీ ఉంటే బజారులో చూసుకోండి, ఆసుపత్రికి రాకండి."

"పోనీ ఒక్క పూట కట్టేయండి నాయనా."

"సార్‌ని రమ్మనండి. ఆయన చెబితే కడతాను."

అక్కడే వసారాలో బెంచీమీద కూర్చున్నాను. రాత్రి బయటివాళ్లను పంపేసేదాకా కూర్చున్నాను. వచ్చి పోయే ప్రతి డాక్టరుకూ చెప్పాను. ఒకామె విని, ఆ మనిషినే పిలిచి అడిగింది. "ఏం లేదు మేడం, పాపం పెద్దావిడ," అన్నాడు. ఆమె వెళ్లిపోయింది.

నిన్న పొద్దున అక్కడ కుళాయి ఎగిరింది.

నర్సమ్మ అప్పుడే పుట్టిన బిడ్డను ఎత్తుకుని నీళ్లకోసం వచ్చింది. మోచేత్తో తోసింది. పిడి లేవగానే బిడ్డను గుండెకు అదుముకుని గోడవైపు తిరిగిపోయిందట. నీళ్లన్నీ ఆమె వీపుమీదా చేతిమీదా పడ్డాయి. బిడ్డకు ఏమీ కాలేదు. ఆమె చెయ్యి భుజందాకా కాలిపోయింది. నేను వెళ్లి చూశాను. నా కన్నా చిన్నది, నీ ఈడుది. కట్టుకట్టిన చేతిని దిండుమీద పెట్టుకుని, "బిడ్డ ఎలా ఉందండీ?" అని నన్నడిగింది. నేనెవరో ఆమెకు తెలియదు. చెప్పాను. కళ్లు మూసుకుంది.

బయటికి వచ్చి మళ్లీ ఆ బెంచీమీదే కూర్చున్నాను. ప్రార్థన చేద్దామనుకున్నాను, మాట రాలేదు. నాకు అలా ఎప్పుడూ కాలేదు.

నువ్వు రాసింది నిజం. తమ్ముణ్ణి పంపి ఉంటే కట్టేసేవాళ్లు. ఆ మాట నుంచి నేను తప్పించుకోలేను. అయితే చిట్టీ, అది నిజం కావడం నాకు మింగుడు పడటం లేదు. కొలిమి దగ్గర నా జుట్టు నెరిసింది. ఊడిన పిన్ను కళ్లముందుంది. అయినా ఆ మనిషి దానివైపు చూడలేదు, నా వెనక తలుపువైపు చూశాడు.

ఆసుపత్రిలో ఇప్పుడు అన్నీ కట్టేశారు. కానీ అతని సరుకు ఊరూరా షాపుల్లో ఉంది, ఇళ్లల్లో ఉంది.

ఇవాళ సాయంత్రం అందరం షెడ్డులో కూర్చున్నాం. నేను, మీ బావ, తమ్ముడు, పాలిష్ గదివాళ్లు. అప్పుడు ఆ నటుడు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మనిషి పొడగరి, గొంతు నిండుగా ఉంది. చూస్తే ఎవరైనా నమ్ముతారు.

తమ్ముడు లేచి మీదికి వెళ్లాడు. మీ బావ అడ్డుపడి, "లోపలికి రా నాయనా. కుళాయి తయారుచేసినవాడివి, కొలిమి ఎలా ఉంటుందో చూడవా?" అన్నాడు.

అతను కొలిమిని చూశాడు. పాలిష్ చక్రాలను చూశాడు. పిన్ని చేతులను చూశాడు. "మోసం చేద్దామని మొదలుపెట్టలేదమ్మా. నమ్మారు. నా జన్మలో నన్ను అంతలా ఎవరూ నమ్మలేదు," అన్నాడు.

"నమ్మింది నిన్ను కాదు, నీ మీసాన్ని," అంది పిన్ని. ఎవరూ నవ్వలేదు.

అమ్మిన షాపులన్నీ తనకు తెలుసన్నాడు. ఆ కుళాయిలు వెనక్కి రావాలి. పిన్నులు మార్చాలి. ఎవరు వెళ్లి చెప్పాలన్నదానిమీద గొడవ పడ్డాం. తమ్ముడు తను వెళతానన్నాడు, మగవాడి మాటైతే చెల్లుతుందని. నీ ఉత్తరం చదివి వినిపించాను. "చూశావా, చిట్టి కూడా అదే అంది," అన్నాడు. నీ పేరు వాడి నోట ఇన్నాళ్లకు మామూలుగా వచ్చింది. అతన్ని ఒక్కణ్ణే పంపుదామన్నాడు మీ బావ. "అతను అబద్ధం చెప్పినా నమ్మారు, నిజం చెప్పినా నమ్ముతారు. పని త్వరగా అవుతుంది."

పిన్ని నావైపు చూసింది. "అమ్మా, మళ్లీ అతనే చెబితే, రేపు మనం ఉక్కు పిన్నుతో చేసింది కూడా అతనిదే అవుతుంది," అంది.

కాసేపు కళ్లు మూసుకున్నాను. ఈసారి మాట వచ్చింది.

తేల్చుకున్నది ఇది. ఉక్కు పిన్నులు చేసి, వచ్చిన ప్రతి కుళాయికీ ఊరికే మారుస్తాం. ఆ పని ఉన్నన్నాళ్లు పాలిష్ గది తెరిచే ఉంటుంది. ఆ తర్వాత సంగతి వేసవి గడిచి వానలు వచ్చాక చూద్దాం. మన కుళాయి ఏడాది పారాకే షాపుకు వెళుతుంది. నర్సమ్మ చెయ్యి నయమయ్యేదాకా ఆమె ఇంటి ఖర్చు మనదీ అతనిదీ. నీ పత్రం నువ్వు ఆపకూడదు. తమ్ముడు కూడా అదే అన్నాడు. ఆసుపత్రిలో ఆ మనిషి నాతో అన్న మాటలు కూడా అందులో రాయి. కానీ ముందు వచ్చి నర్సమ్మను చూడు.

రేపు పొద్దున తమ్ముడు వ్యాను తీస్తాడు. షాపులకు అతనూ నేనూ కలిసి వెళతాం. అతన్ని చూడగానే వాళ్లు లేచి నిలబడి కుర్చీ వేస్తారు. అతను కూర్చోడు. "దీన్ని తయారుచేసింది ఈవిడ. చెబుతారు వినండి," అని ఒక్క మాట చెప్పి నోరు మూసుకుంటాడు. షాపువాళ్లు నన్ను దాటి అతన్నే అడుగుతారు, అది నాకు తెలుసు. ఎన్నిసార్లు అడిగినా అతను జవాబు ఇవ్వడు. నావైపు చూస్తూ నిలబడతాడు, వాళ్లు కూడా నావైపు తిరిగేదాకా.

అక్క